వెండితెర నుండి అరచేతికి: మిగిలేదెంత?

1974 మే 1న విడుదలైన 'అల్లూరి సీతారామరాజు' తెలుగులో మొట్టమొదటి సినిమాస్కోపు చిత్రమన్న సంగతి సినీప్రియులకు విదితమే. వి. రామచంద్రరావు దర్శకత్వంలో ప్రారంభమై, చిత్రీకరణ ముగియకముందే ఆయన కన్నుమూయగా ఇతరుల చేతులమీదుగా పూర్తయిన ఆ చిత్రానికి ఛాయాగ్రహణం వి.ఎస్.ఆర్. స్వామి సమకూర్చారు. అంతవరకు తెలుగు ప్రేక్షకుడికి అలవాటైన తెర చతురస్రం కన్న కొంచెమే వెడల్పు. ఆ చిత్రంతో తెర రెండు పక్కలకూ జరిగింది. ఒక కొండ వరుసను, ఒక జనసమూహాన్ని ముక్కలు చేయకుండా ఒకే చట్రంలో చూపించే అవకాశం మన ఛాయాగ్రాహకులకు లభించింది.

ఆ చిత్రాన్నే, లేదా అటువంటి మరొక చిత్రాన్ని, ఈనాడు న్యూజెర్సీలోనో టెక్సాస్‌లోనో పుట్టి పెరిగిన తెలుగు కుర్రవాడు అరచేతిలోని ఫోనులో, ఫోనును నిలువుగా పట్టుకొని, ఒక నిమిషం నిడివిగల తునకగా చూస్తున్నాడు. తెర నిండా ఒకే ఒక ముఖం ఉంటుంది. ఆ ముఖం ఎవరివైపు చూస్తున్నదో, ఎవరి మాటకు బదులు చెబుతున్నదో తెరమీద కనిపించదు. వెండితెర నుండి అరచేతికి వచ్చే దారిలో మిగిలిన బొమ్మ ఎక్కడ జారిపోయింది? 'తెర చిన్నది, ఏం చేస్తాం?' అన్నది సాధారణంగా వినవచ్చే సమాధానం. ఆ సమాధానం లెక్కకు నిలవదని చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చలనచిత్రపు చట్రానికి 4:3 నిష్పత్తి ఏర్పడింది అమెరికాలోనే. 1890లలో న్యూజెర్సీలోని వెస్ట్ ఆరెంజ్‌లో ఎడిసన్ ప్రయోగశాలలో పనిచేసిన విలియం డిక్సన్, 35 మి.మీ. ఫిల్ముపై నాలుగు రంధ్రాల ఎత్తున ఒక్కొక్క బొమ్మ ఉండేటట్లు నిర్ణయించాడు. దానికి వెడల్పు నాలుగు పాళ్ళయితే ఎత్తు మూడు పాళ్ళు. 1941లో ఆమోదం పొందిన అమెరికా టెలివిజన్ ప్రమాణం కూడ ఆ ఆకారాన్నే స్వీకరించింది. ఇంట్లో ఉచితంగా బొమ్మ కనిపిస్తుంటే జనం థియేటరుకు రావడం తగ్గింది. ఇంట్లో ఇమడనిది చూపిస్తేనే మనుగడ అని గ్రహించిన హాలీవుడ్, 1953లో 'ది రోబ్' చిత్రంతో సినిమాస్కోపును ప్రవేశపెట్టింది. అంటే వెడల్పు తెర పుట్టిందే టెలివిజన్ పెట్టెలో పట్టకుండా ఉండడం కోసం! దానిని తిరిగి చిన్న పెట్టెలోకి దూర్చడానికి ఏడు దశాబ్దాలుగా జరుగుతున్న ప్రయత్నంలో ఉన్న విడ్డూరం ఇదే.

సినిమాస్కోపులోని కిటుకు ఒక కటకం. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆన్రీ క్రెతియాఁ రూపొందించిన ఆ కటకం చిత్రీకరణ సమయంలో దృశ్యాన్ని అడ్డంగా సగానికి నొక్కి ఫిల్ముపై నిలుపుతుంది. ప్రొజెక్టరు ముందున్న మరొక కటకం దానిని తిరిగి రెండింతలు సాగదీస్తుంది. ఎత్తు మాత్రం మారదు. తెరపైకి వచ్చేసరికి వెడల్పు ఎత్తుకు సుమారు 2.35 రెట్లవుతుంది. స్కోపు ప్రింటును తెప్పించుకొని సాగదీసే కటకాన్ని మరచిపోతే తెరమీది మనుషులందరూ తాటిచెట్లలాగ సన్నగా, పొడుగ్గా కనిపిస్తారు. బొమ్మలో ఉన్న సమాచారమంతా అక్కడే ఉన్నది, ఆకారం మాత్రమే మారింది. కటకం బిగిస్తే సరిపోతుంది. ఈ భేదాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. నొక్కడం సరిదిద్దుకోదగిన మార్పు. కత్తిరించడం అటువంటిది కాదు. రసాయనశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే మొదటిది ద్విగత చర్య, రెండవది ఏకగత చర్య.

వీడియో కాసెట్ల కాలంలో ఈ కత్తిరింపు ఒక వృత్తిగా మారింది. దాని పేరు 'పాన్ అండ్ స్కాన్'. స్కోపు చట్రం మీద 4:3 ఆకారపు కిటికీని ఉంచి, ఒక సాంకేతిక నిపుణుడు ఏ క్షణంలో ఎటు చూపాలో నిర్ణయించి ఆ కిటికీని ఎడమకో కుడికో జరుపుతాడు. 1.33ను 2.35తో భాగిస్తే ఎంత మిగులుతుందో తెలుస్తుంది: 57 శాతం. అంటే వందలో 43 పాళ్ళ బొమ్మ ప్రేక్షకుడి ఇంటికి చేరదు. చట్రానికి చెరొక కొసన నిలబడి ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఆ నిపుణుడికి మూడే దారులు. ఒకరిని చూపాలి, లేదా ఇద్దరి నడుమనున్న గోడను చూపాలి, లేదా దర్శకుడు ఒకే షాటుగా తీసిన దానిని రెండు షాట్లుగా నరకాలి. కెమేరా కదలని చోట కదలినట్లు, కోత లేని చోట కోత ఉన్నట్లు కనిపించే సినిమా అలా తయారయింది. దర్శకుడు, ఛాయాగ్రాహకుడు ఎన్నడూ తీయని సినిమా అది.

దీనికి ప్రత్యామ్నాయం లేకపోలేదు. పైనా కిందా నల్లని పట్టీలు విడిచిపెట్టి మొత్తం చట్రాన్ని చిన్నదిగా చూపవచ్చు. దానికి 'లెటర్‌బాక్స్' అని పేరు. వుడీ అలెన్ తన 'మన్‌హాటన్' చిత్రం కాసెట్టుగా వెలువడినప్పుడు ఈ పద్ధతినే పట్టుబట్టి సాధించుకున్నాడు. కాని డబ్బు పోసి కొన్న టి.వి.లో సగం తెర నల్లగా ఉండడమేమిటని కొనుగోలుదారులు చిరాకుపడ్డారు. ఆ చిరాకు సహజమే గాని న్యాయమైనది కాదు. నల్లపట్టీ బొమ్మను మింగదు. పట్టీ లేని చోటే బొమ్మ పోయింది. ఈ చిన్న విషయం అర్థం కాకనే ఒక తరం ప్రేక్షకులు పోయినదాన్ని నిండుదనమనీ, ఉన్నదాన్ని లోటనీ భావించారు.

ఇది కేవలం అభిరుచికి సంబంధించిన వివాదం కాదనడానికి న్యాయస్థానాల చరిత్ర సాక్ష్యమిస్తుంది. తన 'త్రీ డేస్ ఆఫ్ ది కాండర్' చిత్రాన్ని కత్తిరించి ప్రసారం చేసినందుకు సిడ్నీ పొలాక్ డెన్మార్క్ టెలివిజన్‌పై 1990లలో దావా వేశాడు. హక్కుల యాజమాన్యం ఆయన చేతిలో లేదన్న కారణంగా దావా నెగ్గలేదు గాని, అటువంటి కత్తిరింపు కళాఖండాన్ని అంగవికలం చేయడమేనని కోర్టు అంగీకరించింది. అమెరికా 1988లో చేసిన చలనచిత్ర పరిరక్షణ చట్టం, జాతీయ జాబితాకెక్కిన చిత్రాలను మార్చి పంపిణీ చేసేవారు ఆ సంగతి ప్రేక్షకుడికి తెలపాలని విధించింది. అద్దె కాసెట్ల ఆరంభంలో 'మీ తెరకు సరిపోయేటట్లు మార్చబడింది' అన్న ప్రకటన చదివిన జ్ఞాపకం చాలామందికి ఉంటుంది. భారతదేశపు 1957 కాపీరైటు చట్టంలోని 57వ సెక్షను రచయిత తన కృతిని వికృతం చేయడాన్ని ప్రశ్నించవచ్చునని చెబుతుంది. చూడబోతే బాగానే ఉన్నది. కాని చలనచిత్రానికి 'రచయిత' నిర్మాత అని అదే చట్టం నిర్వచించింది! దర్శకుడూ ఛాయాగ్రాహకుడూ తమ బొమ్మకు తామే పరాయివారు. ఇక నిర్మాతకే టి.వి. హక్కులు అమ్ముకోవలసిన అవసరం ఉన్నప్పుడు ప్రశ్నించేదెవరు?

అమెరికాలోని తెలుగువారికి ఈ నష్టంపై మరొక నష్టం తోడయింది. భారతదేశంలోని టెలివిజన్ పద్ధతి పాల్: 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. అమెరికా పద్ధతి ఎన్.టి.ఎస్.సి.: 525 గీతలు, సెకనుకు సుమారు 30 బొమ్మలు. సినిమా నడిచేది సెకనుకు 24 బొమ్మల వేగంతో. పాల్‌లోకి మార్చేటప్పుడు సినిమాను సాధారణంగా నాలుగు శాతం వేగంగా నడిపిస్తారు. అందువల్ల పాట శ్రుతి కూడ కొద్దిగా పెరుగుతుంది. సంగీతం తెలిసినవారి చెవికి ఆ తేడా అందుతుంది. ఆ పాల్ టేపును మళ్ళీ ఎన్.టి.ఎస్.సి.లోకి మార్చి, దాని నుండి మరికొన్ని ప్రతులు తీసి, ఆ ప్రతులు భారతీయ దుకాణాలలో పప్పులు, పచ్చళ్ళ పక్కన అద్దెకు దొరికేవి. వారాంతంలో నాలుగు కాసెట్లు తెచ్చుకోవడం ఆనాటి తెలుగు ఇళ్ళలో పండుగ వంటిది. ఆ రోజుల్లో అంతకన్న మెరుగైన మార్గం లేదు కనుక వాటిని నిందించడం తగదు. అయితే వాటి ద్వారా సినిమా చూసిన పిల్లలకు తాము చూసినది సగం కన్న కొంచెమే ఎక్కువని ఎవరూ చెప్పలేదు.

1997లో అమెరికాకు డి.వి.డి. వచ్చింది. 2005 మార్చిలో సోనీ చేతిలో ఇమిడే ఆటయంత్రం పి.ఎస్.పి. ఈ దేశంలో విడుదలైంది. దాని తెర 480 పిక్సెళ్ళ వెడల్పు, 272 పిక్సెళ్ళ ఎత్తు. అదే ఏడాది అక్టోబరులో ఆపిల్ సంస్థ వీడియో చూపగల ఐపాడ్‌ను తెచ్చింది. రెండున్నర అంగుళాల తెర, 320 వెడల్పు, 240 ఎత్తు. మళ్ళీ పాత 4:3 ఆకారమే! డిస్కులోని సినిమాను ఈ పరికరాలకు పట్టేటట్లు మార్చుకోవడం అప్పటి నుండి ఇంటింటి పనిగా మారింది. ఆ పనిలోని మెట్లను కొంచెం నిదానంగా పరిశీలించడం అవసరం. ఎందుకంటే పొరపాట్లన్నీ అక్కడే జరుగుతాయి.

డి.వి.డి.లోని ప్రతి బొమ్మలో 720 నిలువు వరుసలు, 480 అడ్డ వరుసలు ఉంటాయి. ఈ రెండింటి నిష్పత్తి ఒకటిన్నర. అది 4:3 కాదు, 16:9 కూడ కాదు. ఇందులోని పిక్సెల్ చదరం కాకపోవడమే కారణం. వెడల్పు తెర డిస్కులో ఒక్కొక్క పిక్సెల్ వెడల్పు ఎత్తుకు సుమారు 1.19 రెట్లు. క్రెతియాఁ కటకం చేసిన పనినే ఇక్కడ అంకెలు చేస్తున్నాయి. ఈ సంగతి తెలియక 720, 480లను ఉన్నవి ఉన్నట్లుగా చదరపు పిక్సెళ్ళ తెరకు తగ్గిస్తే మనుషులు మళ్ళీ సన్నబడతారు. రెండవ మెట్టు, 16:9 చట్రంలోనే స్కోపు సినిమాకు పైనా కిందా ఉన్న నల్లపట్టీలను తొలగించడం. తొలగించగా అసలు బొమ్మ ఉన్న గీతలు సుమారు 363 మాత్రమే. పట్టీలను అలాగే ఉంచితే వాటి అంచు దగ్గర సంపీడనం చేసే సాఫ్ట్‌వేరు వృథాగా శ్రమిస్తుంది. నలుపుకూ బొమ్మకూ మధ్యనున్న పదునైన సరిహద్దు చుట్టూ మసక అలలు పుడతాయి. మూడవ మెట్టు కుదింపు. 320 వెడల్పుకు 2.35 నిష్పత్తిలో ఎత్తు 136 వస్తుంది. ఇక్కడొక చిక్కు ఉన్నది. ఎంపెగ్-4, హెచ్.264 వంటి సంపీడన పద్ధతులు బొమ్మను 16 పిక్సెళ్ళ చదరపు గడులుగా విభజిస్తాయి. 136లో పదహారు ఎనిమిదిన్నర సార్లు పోతుంది. ఆ రోజుల్లో చాలామంది 144కు సర్దుకునేవారు. దానికోసం బొమ్మను నిలువుగా ఆరు శాతం సాగదీయాలి, లేదా రెండు పక్కలా కలిపి అయిదు శాతానికి పైగా కోయాలి. నేటి ఉపకరణాలు ఈ తేడాను తామే చూసుకుంటాయి. ఆనాడు ఎంచుకోవలసి వస్తే ఆ కొంచెం కోయడమే మేలు. మనిషి ముఖం ఆరు శాతం సాగితే కన్ను పట్టేస్తుంది, అంచున అంత మాత్రం పోతే సాధారణంగా కథ పోదు. నూటికి నూరుపాళ్ళూ నిలపలేని చోట ఎంత పోతున్నదో తెలిసి పోగొట్టుకోవడంలో తప్పులేదు.

కాని 320 పిక్సెళ్ళ వెడల్పు, 136 పిక్సెళ్ళ ఎత్తు గల బొమ్మను చూడగలమా? అందులో నటుడి కనుబొమ్మ కదలిక తెలుస్తుందా? ఇక్కడ 'తెర చిన్నది' అన్న వాదాన్ని తూచి చూడాలి. కంటికి కావలసినది తెర పొడవు కాదు, తెర కంటివద్ద చేసే కోణం. చందమామను బొటనవేలితో కప్పవచ్చునని చిన్నపిల్లలకు కూడ తెలుసు. 1990లలో మధ్యతరగతి ఇంటి ముందుగదిలో ఉండే 27 అంగుళాల టి.వి.కి వెడల్పు సుమారు ఇరవై ఒకటిన్నర అంగుళాలు. పది అడుగుల దూరంలోని సోఫాలో కూర్చున్నవారికి అది 10 డిగ్రీల కోణం చేస్తుంది. రెండు అంగుళాల వెడల్పున్న ఐపాడ్ తెరను కంటికి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే అయ్యే కోణం కూడ దాదాపు 10 డిగ్రీలే! అంటే ఆ బొమ్మ సోఫా మీద నుండి చూసిన బొమ్మ కన్న చిన్నది కాదు. ఐపాడ్ లోటు దాని పిక్సెళ్ళలో ఉన్నది. సగటు కంటికి డిగ్రీలో అరవయ్యో వంతు వరకు తేడా తెలుస్తుంది. ఐపాడ్ పిక్సెల్ దానికి రెండింతలకు దగ్గరగా ఉండేది. కాబట్టి ఆ రోజుల్లో కొంత కత్తిరించి ముఖాన్ని పెద్దది చేసుకున్నవారి పక్షాన ఒక న్యాయం ఉండేది.

నేడు ఆ న్యాయం కూడ లేదు. 2020లో వచ్చిన ఐఫోన్ 12ను ఉదాహరణగా తీసుకుంటే, 6.1 అంగుళాల తెరలో 2532 పిక్సెళ్ళ పొడవు, 1170 పిక్సెళ్ళ వెడల్పు ఉన్నాయి. అడ్డంగా పట్టుకుంటే నిష్పత్తి 2.16. స్కోపు సినిమాకు ఇంత దగ్గరి ఆకారం గల తెర సామాన్యుడి ఇంట్లో ఎన్నడూ లేదు. 30 సెంటీమీటర్ల దూరంలో అది చేసే కోణం 26 డిగ్రీలు, పాత టి.వి.కి రెండున్నర రెట్లు. పిక్సెల్ కంటి శక్తి కన్న సూక్ష్మం. ఇంకొక విశేషం. అదే ఫోనును నిలువుగానే పట్టుకొని, పైనా కిందా విశాలమైన నల్లని ఖాళీలు వదిలి, ఆరున్నర సెంటీమీటర్ల వెడల్పులో మొత్తం స్కోపు చట్రాన్ని చూసినా 12 డిగ్రీల కోణం వస్తుంది. తపాలా బిళ్ళంత కనిపిస్తున్నదని మనం ఈసడించే ఆ బొమ్మ, నాడు సోఫా మీద కుటుంబమంతా కూర్చొని చూసిన బొమ్మ కన్న పెద్దది! చత్వారం వచ్చినవారికి 30 సెంటీమీటర్ల దూరం కళ్ళద్దాలు లేకుండా అందదన్నది వేరే సంగతి. దానికి మందు కళ్ళద్దాలే గాని కత్తెర కాదు.

చిన్నతనం సాకు కాదని తేలిన తరువాత కూడ కత్తిరింపు ఆగలేదు. నిజానికి ఇప్పుడది మునుపెన్నడూ లేనంత లోతుకు పోయింది. నిలువు తెరను నింపడం కోసం 9:16 నిష్పత్తికి కోసిన తునకలే నేడు అన్ని వేదికల మీదా రాజ్యమేలుతున్నాయి. స్కోపు చట్రం నుండి నేరుగా ఈ నిలువు పట్టీని కోస్తే మిగిలేది 24 శాతం. పాన్ అండ్ స్కాన్ సగానికి కొంచెం తక్కువ తీసుకున్న దొంగ అయితే ఇది మూడు వంతులు పట్టుకుపోయే దొంగ. పైగా తునకలు చేసేవారి చేతిలో సాధారణంగా మూలం ఉండదు. దొరికిన ప్రతి నుండి కోస్తారు. సంశ్లేషణ రసాయనంలో ప్రతి విద్యార్థీ నేర్చుకునే పాఠం ఒకటున్నది: అనేక దశల ప్రక్రియలో దిగుబడులు కూడబడవు, గుణించబడతాయి. స్కోపు చిత్రాన్ని కాసెట్టు కోసం 4:3కు కోసినప్పుడు 57 శాతం మిగిలింది. వెడల్పు టి.వి.లు వచ్చాక నల్లపట్టీలు పక్కలకు రాకుండా ఆ 4:3 ప్రతినే పైనా కిందా కోసి 16:9 చేశారనుకుందాం. అందులో 75 శాతం మిగిలింది. దాని నుండి నిలువు తునక కోస్తే 32 శాతం. మూడింటినీ గుణిస్తే పదమూడున్నర శాతం! ప్రతి దశలోనూ చేసినవాడికి తన దశ సబబుగానే తోచింది. చివరకు చేతికి వచ్చినది మొదటి బొమ్మలో ఏడో వంతు కూడ కాదు. ఆ ఏడో వంతునే 'పాత సినిమా' అనుకుంటున్న పిల్లవాడికి అది నచ్చకపోతే తప్పెవరిది?

యంత్రాలు ఈ పనిని తెలివిగా చేస్తాయన్న ఆశ కొందరికి ఉన్నది. 2007లో షాయ్ అవిడాన్, ఏరియల్ షమీర్ అనే శాస్త్రజ్ఞులు 'సీమ్ కార్వింగ్' అనే చక్కని పద్ధతిని ప్రతిపాదించారు. బొమ్మలో ప్రాముఖ్యం తక్కువైన పిక్సెళ్ళ గుండా పైనుండి కిందికి ఒక వంకరదారిని కనిపెట్టి, ఆ దారిని తీసివేసి, రెండు పక్కలనూ కలిపి కుట్టడం. ఆకాశం, ఇసుకమేట ఉన్న బొమ్మలో ఇది ఇంద్రజాలంలాగ పనిచేస్తుంది. మనిషి ముఖమో, గోపురపు సరళరేఖలో ఉంటే వంకరపోతాయి. 2020లో గూగుల్ సంస్థ 'ఆటోఫ్లిప్' పేరుతో మరొక సాధనాన్ని అందరికీ అందుబాటులో ఉంచింది. ముఖాలను, కదిలే వస్తువులను గుర్తించి కిటికీని తానే జరుపుతుంది. నాటి పాన్ అండ్ స్కాన్ నిపుణుడి కుర్చీలో కూర్చున్న యంత్రమన్నమాట. శాస్త్రీయంగా ఇవి మెచ్చుకోదగిన పనులే. అయితే ఏది ముఖ్యమో యంత్రం ఎలా నిర్ణయిస్తుంది? మాట్లాడే ముఖం ముఖ్యమంటుంది. తెలుగు సినిమాలో మాట్లాడనివాడి ముఖం మీద కథ నడిచే ఘట్టాలెన్ని! సభలో ఒకరు గర్జిస్తుంటే మరొక కొసన తల వంచుకొని నిలబడిన వ్యక్తి కోసమే ఛాయాగ్రాహకుడు ఆ చట్రాన్ని కట్టి ఉంటాడు. ఖాళీ కూడ అర్థవంతమే. ఇద్దరి మధ్య విడిచిన ఎడం వారి ఎడబాటును చెబుతుంది. సీమ్ కార్వింగ్ మొట్టమొదట తీసివేసేది సరిగ్గా ఆ ఖాళీనే.

నిలువు చట్రమే చెడ్డదని ఇక్కడ వాదం కాదు. ఒంటరిగా నర్తించే కూచిపూడి నర్తకికి అది బాగా నప్పుతుంది. తల నుండి గజ్జెల దాకా పట్టుతుంది. నిలువుకోసమే తీసినదానిని నిలువుగా చూడడంలో దోషమేమీ లేదు. 2020 ఏప్రిల్‌లో ప్రారంభమైన క్విబీ అనే అమెరికా సంస్థ ప్రతి కార్యక్రమాన్నీ అడ్డానికీ నిలువుకూ రెండు విధాలా సిద్ధం చేసి, ఫోను తిప్పితే బొమ్మ మారేటట్లు చేసింది. ఆలోచన మంచిదే. కాని ఆ ఏడాది డిసెంబరులోగానే దుకాణం కట్టేసింది. రెండు ఆకారాలకూ సరిపడాలంటే ముఖ్యమైనదంతా చట్రం నడిమధ్యన పెట్టాలి. టెలివిజన్‌కు భయపడి సినిమావారు కెమేరా వ్యూఫైండరులో 'సురక్షిత ప్రాంతం' గీతలు గీసుకున్న నాటి నుండి ఈ జబ్బు ఉన్నదే. పెద్దతెర కోసం తీస్తూ చిన్నతెరకు తల వంచడం. ఫలితంగా రెండు పక్కలా అలంకారం, మధ్యలో కథ.

మన సంఘాల వేదికల మీద జరుగుతున్నది కూడ ఇటువంటిదే. ఉగాది వేడుకలో ఇరవై మంది పిల్లలు వరుస కట్టి నృత్యం చేస్తారు. కింద నలభై ఫోన్లు నిలువుగా లేస్తాయి. ఒక్కొక్క ఫోనులో ఒక్కొక్క బిడ్డ. ఎవరి బిడ్డ వారికి ముద్దే, కాదనేవారు లేరు. కాని ఇరవై మందీ కలిసి కట్టిన వలయం ఒక్క ఫోనులోనూ ఉండదు. నలభై ఏళ్ళ తరువాత సంఘం చరిత్ర రాయబూనినవారికి పిల్లలు దొరుకుతారు, నృత్యం దొరకదు.

లిపి సంగతి కూడ చెప్పుకోవాలి. ఇక్కడి పిల్లలకు ఇంగ్లీషు ఉపశీర్షికలు తప్పవు. లెటర్‌బాక్స్ ప్రతులలో వాటిని తరచుగా కింది నల్లపట్టీలో ముద్రిస్తారు. పట్టీ కోసినవాడు వాటినీ కోసేస్తాడు. నిలువుగా కోసినవాడు వాక్యానికి మొదలూ చివరా నరికి నడుమ రెండు మాటలు మిగులుస్తాడు. ఇక తెలుగులో పేర్లు, పాటల పల్లవులు తెరమీద వేస్తే ఇబ్బంది రెట్టింపు. రోమన్ అక్షరం ఏడెనిమిది పిక్సెళ్ళ ఎత్తులో చదవడానికి వీలవుతుంది. తలకట్టు, గుడి, కింద వత్తు ఉన్న తెలుగు అక్షరం అంతలో ముద్దకట్టిపోతుంది. 'స్త్రీ' అన్న మాటను అంత ఎత్తులో గీసి చూస్తే ఎవరికైనా బోధపడుతుంది.

ఇంతవరకు చెప్పినది మూలం ఎక్కడో భద్రంగా ఉన్నదన్న నమ్మకంతో చెప్పినది. ఆ నమ్మకానికి ఆధారం తక్కువ. 1950ల తరువాతి ఫిల్ము పట్టీ చాలావరకు సెల్యులోజ్ ట్రైఎసిటేట్. వేడి, తేమ తగిలితే అందులోని ఎసిటైల్ సమూహాలు జలవిశ్లేషణ చెంది ఎసిటిక్ ఆమ్లం విడుదలవుతుంది. ఆ ఆమ్లమే చర్యను మరింత వేగిరపరుస్తుంది. డబ్బా మూత తీయగానే వెనిగరు వాసన వచ్చిందంటే ఆ ఫిల్ముకు ఆయువు మూడుతున్నట్లే. కోస్తా జిల్లాల ఉక్కపోతలో గోదాములో పడి ఉన్న రీళ్ళకు ఇంతకన్న అననుకూల వాతావరణం ఉండదు. 1980ల ఆరంభానికి ముందటి ఈస్ట్‌మన్ రంగు ప్రింట్లలో మరొక రోగం: ఆకుపచ్చ కలిసిన నీలిరంగు ద్రవ్యం ముందుగా క్షీణించి బొమ్మంతా గులాబీ వర్ణానికి తిరుగుతుంది. మూలం ఇలా పోయిన నాడు, కోసిన కాసెట్టు ప్రతే ఏకైక ప్రతి అవుతుంది. ఆ కాసెట్టు మాత్రం శాశ్వతమా? టేపు వెన్ను పాలియెస్టర్, అది గట్టిదే; దానిపై అయస్కాంతపు రేణువులను అంటిపెట్టిన పాలీయురెథేన్ జిగురు తేమకు విచ్ఛిన్నమై బంకలాగ మారుతుంది. టేపు నిలిచినా తిప్పే యంత్రం కావాలి కదా. వి.సి.ఆర్.లు తయారుచేస్తూ వచ్చిన చివరి పేరొందిన సంస్థ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016 జూలైలో తయారీ మానివేసింది.

అమెరికాలోని అనేక తెలుగు ఇళ్ళ నేలమాళిగలలో ఇటువంటి కాసెట్ల పెట్టెలు ఇంకా ఉన్నాయి. అద్దె సినిమాల ప్రతులు, సంఘాల నాటకాలు, తొలి ఉగాదులు, ఇప్పుడు లేని పెద్దల ప్రసంగాలు. వాటిని అంకాత్మకం చేయించదలచినవారు ఒక క్రమాన్ని పాటించడం మంచిది. ముందుగా టేపులో ఉన్నది ఉన్నట్లు, 720 వరుసలు, 480 గీతలు, నల్లపట్టీలు ఉంటే పట్టీలతో సహా, రంగు దిద్దకుండా ఒక ప్రతి తీసి భద్రపరచాలి. ఆ ప్రతిని ఎవరూ ముట్టరాదు. ఫోనుకోసం, పిల్లలకోసం, పండుగనాటి ప్రదర్శన కోసం కావలసిన తునకలన్నీ దాని నుండే, ప్రతిసారీ దాని నుండే తీయాలి; తునక నుండి తునక తీయరాదు. నిలువుగా పట్టుకునేవారికి నల్లని ఖాళీలతో మొత్తం చట్రాన్నే ఇచ్చి చూస్తే, ఫోను తిప్పాలో వద్దో వారే నిర్ణయించుకుంటారు. పదేళ్ళ పిల్లవాడికి కూడ ఆ తిప్పడం తెలుసు.

సంఘాలు చేయదగినది ఇంకొకటి ఉన్నది. సేకరించిన ప్రతి కాసెట్టుకూ ఒక చీటీ అంటించాలి. మూలచిత్రపు నిష్పత్తి ఎంత, ఈ ప్రతి దేని నుండి తీసినది, ఇందులో ఎంత పోయింది అన్న మూడు వివరాలు చాలు. మూలపు నిష్పత్తి తెలియకపోతే 'తెలియదు' అని రాయడం ఊహించి రాయడం కన్న ఎన్నో రెట్లు నయం. చీటీ తెలుగులో ఉన్నా ఇంగ్లీషులో ఉన్నా అభ్యంతరం లేదు గాని, బాల్‌పెన్నుతో రాయకూడదు. ఆ సిరాలోని రంగుద్రవ్యాలు వెలుతురుకు వెలిసిపోతాయి. పెన్సిలుతో రాయాలి. పెన్సిలు గీత గ్రాఫైటు. దానికి వెలుతురన్నా తేమన్నా పట్టింపు లేదు.